చర్చి మీది ఇనుప పుంజు కూసిన రోజు

ఓట్మార్ ఇంటి గేటుకి పొద్దున్నే పచ్చటి కొమ్మల మోపు కట్టి ఉంది. మా ద్రాక్షతోటల ఊళ్ళలో గేటుకి కొమ్మలు కట్టారంటే, ఇంటి వైన్ పోస్తున్నాం, రండి, కూర్చోండి అని పిలిచినట్టే. సాయంత్రం నాలుగయ్యేసరికి వాళ్ళ పెరట్లో పొడుగు బల్ల చుట్టూ ఇరుక్కుని కూర్చున్నాం. ఓట్మార్ భార్య మార్లీస్ పొయ్యిలోంచి అప్పుడే తీసిన ఉల్లిపాయ రొట్టె తెచ్చి పెట్టింది. దాని మీద పందికొవ్వు ముక్కలు ఇంకా చిటచిటలాడుతున్నాయి. బల్ల మీద అరలీటరు గ్లాసు ఒకటి. ఒంటినిండా గుంటలుండే మా గ్లాసు, ఎంత జిడ్డు చేతిలోంచైనా జారదు. ఎంతమంది కూర్చున్నా ఒక్కటే గ్లాసు. తలా రెండు గుక్కలు తాగి పక్కవాళ్ళకి ఇవ్వాలి. మాటల్లో పడినవాడి కోసం అది ఆగదు. ముందుకి వెళ్ళిపోతుంది.

అన్నీ ఉన్నాయి గానీ, దేని కోసం వచ్చామో ఆ కొత్త వైన్ లేదు. గ్లాసులో ఉన్నది నిరుటిది, అందులోనూ సగం సోడా.

"బావా, కొమ్మలు కట్టావు, రొట్టె పెట్టావు. పులుస్తూ బుడగలు కక్కే కొత్త వైన్ ఏదీ?" అన్నాడు బెర్టోల్డ్. ఇతను మార్లీస్ తమ్ముడు, ఊళ్ళో ఇళ్ళ కప్పులు వేస్తాడు. "ఎదురింటి హిల్మార్ కూడా కొమ్మలు కట్టాడు. అక్కడ పోస్తున్నారట. ఆ అకార్డియన్ వినపడుతోందా?"

ఓట్మార్ ముఖం ఒక్క క్షణం వాడింది. ఎందుకో మా అందరికీ తెలుసు. ఈసారి కొత్త వైన్ ఓట్మార్‌ది కాదు, కూతురు గెర్లిండ్‌ది. అమ్మమ్మ ఇచ్చిన ఏటవాలు తోటలో ఆ పిల్ల తనే కోసి, తనే పిండి, పీపాలో పోసి, వైన్ చదువు చదివే ఊరికి తిరిగి వెళ్ళింది. ఆమె చేతి మొదటి పంట అది. ఊరు దాన్ని తాగుతుంటే చూడాలని నాలుగున్నర బస్సుకి వస్తోంది. మా ఊళ్ళో ఒకసారి 'ఆ పిల్ల వైన్ చెడిపోయింది' అన్న మాట పుట్టిందంటే, ఆ పిల్లకి మనవలు పుట్టినా ఆ మాట చావదు. మా పెద్దాడు కూడా దూరంలోనే చదువుకుంటున్నాడు కాబట్టి, ఆ వాడిన ముఖం నాకు బాగా అర్థమైంది.

కానీ వాడిన ముఖం మరుక్షణమే వెలిగింది. ఓట్మార్ రెండు చేతులూ బల్ల మీద ఆనించి ముందుకి వంగాడు. అతను అలా వంగాడంటే ఇక ఊరికి పొద్దుపోదని దిగులు ఉండదు.

"ఏదీ అంటావేంట్రా! అది ఏమైందో చెప్తే, హిల్మార్ ఇంటికి కాదు, మీ ఇళ్ళకి కూడా దారి మర్చిపోతారు. నిన్న మధ్యాహ్నం నేలమాళిగలోకి దిగానా, మెట్ల మీదే ఆగిపోయాను. పులిసే వైన్ మామూలుగా ఏమంటుంది? బుడబుడమంటుంది. ఇది అలా అనలేదు. గురక పెట్టింది."

"గురకా?" అంది ఎల్‌ఫ్రీడ్. ఈమె కసాయి కొట్టు వాళ్ళావిడ.

"గురకే అక్కా. మీ ఆయన పెట్టే రకం కాదు, పెద్దమనిషి గురక. నేను పీపాకి చెవి ఆనించాను. నలభై ఏళ్ళుగా వింటున్న చెవి ఇది. వైన్ ఊపిరి తీసే పద్ధతిని బట్టి తోటలో ఏ వరస పండో చెప్పగలను. విన్నాను. విని, తలమీది టోపీ తీసేశాను. ఇది మామూలు వైన్ కాదురా నాయనా, గెర్లిండ్ చేతిలో ఏదో ఉంది అనుకున్నాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఏమైంది?"

"పీపా కడుపు పెరగడం మొదలెట్టింది. నా కళ్ళ ముందే! నెలలు నిండిన మనిషిలా అయింది. ఇనప పట్టీలు ఒకదాన్నొకటి చూసుకుని, ఇక మా వల్ల కాదన్నాయి. పక్కన మా పిల్లి పడుకుని ఉంది కదా, పగుల్లోంచి ఒక్క చుక్క నురగ దాని మూతి మీద పడింది. నాకింది. అంతే! లేచి ఒళ్ళు విరుచుకుని, వీధి దాటి, హిల్మార్ వేటకుక్కని గేదెని తోలినట్టు తోలుకొచ్చి, మా బేరి చెట్టెక్కించింది. కుక్క ఇంకా దిగలేదు."

"ఇందాక హిల్మార్ ఇంటిముందు పడుకుని ఉంది కదా, చూశాను," అన్నాడు బెర్టోల్డ్.

"అది దాని తమ్ముడు. నువ్వు విను. నేను పీపాని బతిమాలాను. అమ్మా, పిల్ల వచ్చేదాకా ఓర్చుకో, దాని చేత్తోనే మొదటి గ్లాసు పోస్తుంది, ఒక్క రోజు అని. ఆగలేదు. బిరడా కిర్రుమంది. నేను పక్కకి తప్పుకున్నానో లేదో, ఢాం! ఫిరంగి అంటే ఏమిటో మా తాత చెప్తుండేవాడు, నిన్న చూశాను. బిరడా లేచింది. నేలమాళిగ కప్పు దాటింది. వంటింట్లో మీ అక్క రొట్టె మీద ఉల్లిపాయలు పరుస్తోందా, రొట్టె మధ్యలోంచి పోయింది. మంచమున్న గది, అటక, ఇంటి కప్పు, అన్నీ దాటి ఆకాశంలో పడింది."

"ఆగు బావా! నీ ఇంటి కప్పు వేసింది నేనే. ఇదిగో, ఇక్కణ్ణుంచి కనిపిస్తోంది. ఒక్క పెంకు కదల్లేదు."

"కదిలే తీరిక దానికి ఇస్తేగా! పెంకుకి తెలిసేలోపే అది అవతల ఉంది. అంత వేగం!"

అందరూ నవ్వారు. గ్లాసు ఓట్మార్ ముందుకొచ్చింది, అతను చూడలేదు, పక్కకి వెళ్ళిపోయింది. వీధి అవతల అకార్డియన్ పాట మారింది. బల్ల చివర కూర్చున్న ఇద్దరు టోపీలు పెట్టుకుని లేచారు. ఓట్మార్ గొంతు పెంచాడు.

"లేవకండి, అసలు సంగతిలోకి రాలేదింకా! బిరడా తిన్నగా వెళ్ళి చర్చి గోపురం మీది ఇనుప పుంజుకి తగిలింది. పుంజు ఏడు చుట్లు తిరిగింది. తిరిగి, ఆగి, మెడ ఎత్తి, కూసింది!"

లేచినవాళ్ళు నిలబడిపోయారు.

"ఇనుప పుంజా? కూసిందా?"

"కూసింది. ఎన్నో ఏళ్ళుగా గాలి ఎటుంటే అటు తిరగడమే గానీ నోరెత్తని పుంజు, కొక్కొరోకో అని కొండలు అదిరేలా కూసింది. మధ్యాహ్నం మూడింటికి! ఫాదరు తెల్లారిందనుకుని గంట కొట్టించాడు. నిన్న మూడింటికి గంట మోగిందా, లేదా? మీరే చెప్పండి!"

మేం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. నిజమే, మోగింది.

"అది కాస్పర్ తాతని సాగనంపే గంట!" అంది ఎల్‌ఫ్రీడ్. "నేనూ వెళ్ళాను కదా పూడ్చేటప్పుడు."

"వెళ్ళావు. కానీ వెనక వరసలో నిలబడ్డావు అక్కా. ముందు వరసకి ఏం కనబడిందో నీకేం తెలుసు? ఈ వైన్ వాసన గాలిలో అక్కడికి చేరేసరికి శవపెట్టె మూత పైకి లేచింది. కాస్పర్ తాత తల బయటికి పెట్టి, 'ఎవరిదిరా ఇది?' అన్నాడు."

"ఓరి దేవుడా!" ఎల్‌ఫ్రీడ్ చెంపలేసుకుంది. "పోయినాయన మీద కూడానా! నీ నోరు పడ!"

"నా నోరేం చేసింది? అన్నది ఆయన. 'గెర్లిండ్‌ది తాతా' అని ఎవరో చెప్పారు. 'ఓట్మార్ కూతురా? అయితే ఒక గుక్క తాగి పోతాను' అన్నాడు. తాగాడు. మూతి తుడుచుకున్నాడు. 'ఇక పైన నాకు ఏం పోసినా రుచించదు' అని కళ్ళనీళ్ళు పెట్టుకుని పడుకున్నాడు. మూత ఆయనే వేసుకున్నాడు."

ఎల్‌ఫ్రీడ్ తిట్టాలో నవ్వాలో తెలియక గ్లాసు అందుకుని రెండుకి బదులు మూడు గుక్కలు తాగింది. లేచినవాళ్ళిద్దరూ టోపీలు తీసి కూర్చున్నారు.

"మరి మిగతా వైన్ ఏమైంది?" అన్నాను నేను. నిజంగానే తెలుసుకోవాలని ఉంది.

"అడిగావు చూడు, అదీ ప్రశ్న! పొంగింది. మెట్లెక్కి పైకొచ్చింది. వీధి పల్లానికి ఉందా, అటు పోలేదు. నీళ్ళయితే పల్లానికి పోతాయి, ఇది గెర్లిండ్ వైన్, పౌరుషం గలది, ఏటవాలు తోటలో పుట్టింది కాబట్టి ఎగువకే నడిచింది. నడుమెత్తు నురగ! చెరువులో పడవలా బస్సు దాని మీద తేలింది. అగ్నిమాపక దళం వాళ్ళు వచ్చారు. గొట్టాలు వేశారు. వేసి, నీళ్ళు చిమ్మడం మానేసి, గొట్టాలతో పీల్చడం మొదలెట్టారు."

"బావా, ఆ దళంలో నేనూ ఉన్నాను! నిన్న మాకు పిలుపే రాలేదు!"

"నువ్వూ ఉన్నావు. అందరికంటే పెద్ద గొట్టం నీ నోట్లోనే ఉంది. అందుకే నీకు నిన్నటి సంగతి గుర్తులేదు."

బల్ల మీద గుద్దుతూ నవ్వాం. బెర్టోల్డ్ కూడా నవ్వాడు గానీ, మధ్యలో ఆగి నిన్న తను ఎక్కడున్నాడో ఆలోచించుకున్నట్టు కనిపించాడు.

సరిగ్గా అప్పుడే గేటు మెల్లగా తెరుచుకుంది. భుజాన సంచీతో గెర్లిండ్ వచ్చింది. ఓట్మార్ వీపు గేటు వైపు ఉంది. మేం పలకరించబోతే ఆ పిల్ల పెదవుల మీద వేలు పెట్టి, వాళ్ళ నాన్న వెనకే నిలబడింది. ముఖంలో నవ్వుంది. నేలమాళిగ తలుపు వైపే చూస్తోంది.

మా చూపులు మారడం ఓట్మార్ గమనించలేదు. మేం మళ్ళీ లేచి వెళ్ళిపోతామేమో అన్న భయమే అతనికి.

"బిరడా ఎగిరి పుంజుకి తగలడం, పుంజు కూయడం, ఇదంతా ఊళ్ళో సంగతి. తర్వాత అడవిలోకి పోయింది. అక్కడ చెస్ట్‌నట్ కాయలు రాలి ఉన్నాయా, ఈ వైన్ వేడికి అవి అక్కడికక్కడే ఉడికిపోయాయి. అడవిపందులు తిన్నాయి, తాగాయి. తాగాక వాటికి బుద్ధొచ్చింది. ఇన్నాళ్ళూ ఈ మంచివాళ్ళ తోటల్లో ద్రాక్ష దోచుకున్నాం, ఛీ మా బతుకు అని ఏడ్చాయి. వరసగా నడిచొచ్చి ఎల్‌ఫ్రీడ్ అక్క కొట్లో కత్తిపీట ముందు నిలబడి, అమ్మా, మా పొట్టల్లో బంగాళాదుంపలూ మసాలా కూరి ఉడకబెట్టు, అదే మాకు ప్రాయశ్చిత్తం అన్నాయి."

"మా కొట్లోనా!" ఎల్‌ఫ్రీడ్ లేచి నిలబడింది. "నిన్న పూడ్చడానికి వెళ్ళిన కాసేపు తప్ప పొద్దస్తమానం నేనే ఉన్నాను! పంది పొట్టలో కూరి ఉడికించిన ప్రతి ముద్దా నా చేతుల మీదుగా చేసిందే!"

"మరి ఇవాళ దాని రుచి వేరేగా ఉందని ఊరంతా అంటోందే! ఎందుకనుకున్నావు?"

ఆమె కూలబడింది. "వేరేగా ఉందని ఎవరన్నారు?" అని అందరినీ వరసగా చూసింది. ఎవరూ ఆమె కళ్ళలోకి చూడలేదు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? సరిహద్దు కొండ దాటింది. ఫ్రాన్స్‌లో దిగింది! వాళ్ళు బకెట్లు, తొట్లు, పిల్లల్ని స్నానం చేయించే బానలు, ఏది దొరికితే అది పట్టుకుని పరిగెత్తుకొచ్చారు. తాగారు. వాళ్ళలో ముసలాయన ఒకడు, పుట్టిన దగ్గర్నుంచీ మన వైన్‌ని మెచ్చుకోని మనిషి, మోకాళ్ళ మీద కూర్చుని, ఎవరు చేశారు అన్నాడు. నేను ఇక్కణ్ణుంచే అరిచాను, నా కూతురని! టోపీలన్నీ ఒక్కసారి తీశారు. ఆ గాలికి ఇక్కడ మా వాల్‌నట్ చెట్టు ఆకులు రాలాయి, చూడండి కావాలంటే."

చూశాం. ఆకులు రాలే ఉన్నాయి. అక్టోబరు కదా.

ఓట్మార్ గొంతు తగ్గించాడు. ఇప్పుడు నవ్వు లేదు అందులో.

"అందుకని చెప్తున్నాను. రేపు ఊళ్ళో ఎవడైనా, పిల్ల చూసుకోలేదు, పిల్లకి చేతకాలేదు అన్నాడంటే, వాడి నోట్లో దుమ్ము కొడతాను. దాని తప్పు ఆవగింజంత లేదు. వాళ్ళ తాత చేసినట్టే చేసింది. పీపా నోటి మీద ద్రాక్షాకు పరిచి, అది ఎగరకుండా చిన్న గులకరాయి పెట్టి వెళ్ళింది. నా కళ్ళతో చూశాను. ఆకు, రాయి. అంతే. అంత పద్ధతి!"

"నాన్నా," అంది గెర్లిండ్ వెనక నుంచి. "నేను పెట్టింది ఆకైతే, పుంజుకి తగిలిన బిరడా ఎక్కడిది?"

ఓట్మార్ తిరగలేదు. మెడ కూడా కదల్లేదు.

ఎవరం నవ్వలేదు. ఇనుప పుంజు కూస్తే నవ్వాం. పోయిన కాస్పర్ తాత పెట్టెలోంచి లేస్తే చెంపలేసుకుని మరీ నవ్వాం. గ్లాసు ఎల్‌ఫ్రీడ్ చేతిలో ఉండిపోయింది, పక్కకి వెళ్ళలేదు. పులుస్తున్న పీపాకి బిరడా! మా ఊళ్ళో ఇంకా నడక రాని పిల్లలకి కూడా తెలుసు, పులిసేదాన్ని మూయకూడదని. కొత్త వైన్ సీసా కొని ఇంటికి తీసుకెళ్ళేటప్పుడు మూత బిగించే వాళ్ళుంటే, వాళ్ళు పట్నం వాళ్ళని దూరం నుంచే తెలిసిపోతుంది. అలాంటిది ఓట్మార్! నలభై ఏళ్ళుగా వింటున్న చెవి!

"ఎవరు పెట్టారు నాన్నా?"

"పెట్టలేదమ్మా. ఊరికే అలా ఆనించాను."

"దేంతో?"

ఓట్మార్ బల్ల మీది రొట్టె తునకలు ఒకచోటికి ఊడ్చాడు. "సుత్తితో."

బెర్టోల్డ్ శిలువ గుర్తు వేసుకున్నాడు. "సుత్తితో! బావా, సుత్తితోనా!"

"ఈగలురా," అన్నాడు ఓట్మార్. ఆ గొంతు మాకెవరికీ పరిచయం లేదు, అంత చిన్నది. "ఆ పులుపు ఈగలు. ఒక్కటి దూరినా వెనిగర్ అయిపోతుందని. ఆకు పక్కన సందుందేమో అనిపించింది. చూసొచ్చి పడుకుంటే మళ్ళీ అనిపించింది. నా వైన్ అయితే పోతే పోయిందనుకునేవాణ్ణి. ఇది దీనిది. దూరాన ఉంది. నా మీద వదిలి వెళ్ళింది. ఏం తోచలేదు. బిగించాను."

"పొద్దున్నించీ ఒకటే మాట," అంది మార్లీస్ వంటింటి గుమ్మంలో నిలబడి. "మాట పిల్ల మీదికి రాకూడదు, మాట పిల్ల మీదికి రాకూడదని. నేనే మూశానని చెప్పండి, అయిపోతుంది అంటే వినరే!"

గెర్లిండ్ భుజం మీది సంచీ కింద పెట్టింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ వయసులో మొదటి పంట అంటే ఏమిటో అక్కడున్న ప్రతివాళ్ళకీ తెలుసు. వీధి అవతల అకార్డియన్ మోగుతూనే ఉంది, ఎవరూ లేవలేదు.

"నిజంగా ఎంతవరకు వెళ్ళింది నాన్నా, బిరడా?"

"నేలమాళిగ కప్పు దాకా. అక్కడ సున్నం రాలింది. పీపా అడుగు చెక్క పగిలింది."

"వైన్?"

"కాలవలోకి. అంతా పోయింది తల్లీ."

"అంతా పోలేదు," అంది మార్లీస్.

లోపలికి వెళ్ళి మూతి వెడల్పు బకెట్ ఒకటి మోసుకొచ్చింది. పైన పల్చటి గుడ్డ, గుడ్డ మీద నాలుగు ద్రాక్షాకులు. గుడ్డ కింద బుడబుడమని వినిపిస్తోంది. "చెక్క పగిలిన చప్పుడుకి పరిగెత్తి, దొరికింది పట్టాను. దీని చేత్తోనే పోయాలని దాచాను, గేటుకి కొమ్మలు కట్టిందీ నేనే."

"నాకు చెప్పలేదేం?" అన్నాడు ఓట్మార్, నోరు వెళ్ళబెట్టి.

"చెప్తే దీనికీ బిరడా కొడతారని."

అప్పుడు నవ్వు పుట్టింది. మొదట గెర్లిండే నవ్వింది, కళ్ళు తుడుచుకుంటూ. గ్లాసులోని నిరుటి వైన్‌ని గడ్డిలో పారబోసి, బకెట్‌లో ముంచి తీసింది. పాలు కలిపినట్టు తెల్లగా, అంచులో చిటపటలాడుతోంది. ముందు బెర్టోల్డ్‌కి ఇచ్చింది. అతను రెండు గుక్కలు తాగాడు. ఆగాడు. ఇంకో గుక్క తాగాడు. మా దగ్గర మెచ్చుకోలు అంటే అదే. ఎల్‌ఫ్రీడ్ నాలుగు తాగి, "కాస్పర్ తాతకి నిజంగానే ఒక గుక్క అందాల్సింది" అంది. నాకొచ్చినప్పుడు ముక్కు చురుక్కుమంది, నాలుక మీద పచ్చి ఆపిల్ కొరికినట్టయింది. నేనూ మూడో గుక్క తాగకుండా ఉండలేకపోయాను.

చిట్టచివర గ్లాసు ఓట్మార్ దగ్గరికొచ్చింది. ఆ సాయంత్రం అతను గ్లాసు ముట్టుకోవడం అదే మొదలు. అడుగున కాస్త మిగిలింది. కళ్ళు మూసుకుని తాగాడు. కూతురు అతని ముఖంలోకే చూస్తోంది.

అతను మూతి తుడుచుకున్నాడు. రెండు చేతులూ బల్ల మీద ఆనించి, మెల్లగా ముందుకి వంగాడు.

"దీన్ని ఇప్పుడు తాగితే గుర్తొచ్చింది. నిన్న ఆ ఫ్రాన్స్ ముసలాయన చివర్లో ఇంకో మాట అన్నాడు..."

"అక్కా, ఆ సుత్తి ఎక్కడుంది?" అని బెర్టోల్డ్ లేచాడు. "ముందు బావ నోటికి బిరడా కొడదాం!"

"వద్దు మావయ్యా, నాన్న పగిలిపోతాడు," అంది గెర్లిండ్. బకెట్ మీది నుంచి ఒక ద్రాక్షాకు తీసి, వాళ్ళ నాన్న నోటి మీద మెత్తగా పరిచింది. "ఆకు చాలు."